తపనకు హద్దు ఎవరు గీయాలి?

వ్యాపార విజయాల గురించి వెలువడే పుస్తకాల్లోనూ, స్టార్టప్ సదస్సుల ప్రసంగాల్లోనూ, మేనేజ్‌మెంట్ కళాశాలల స్నాతకోత్సవ సందేశాల్లోనూ తపనకు దక్కుతున్న గౌరవం మరే గుణానికీ దక్కడం లేదు. చేసే పనిని ప్రాణంగా భావించినవారే నిలుస్తారని, వెనుదిరగనివారినే విజయం వరిస్తుందని, నాయకుడిలో రగిలే ఉత్సాహమే సంస్థ అంతటికీ పాకుతుందని యువతరానికి నూరిపోయడం పరిపాటి అయింది. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. కొత్త సంస్థను నిలబెట్టడానికి ఏళ్ల తరబడి పడవలసిన శ్రమను, అనిశ్చితిని, అవమానాలను పనిమీద ప్రేమ లేనివారు తట్టుకోవడం కష్టం. అయితే అదే తపన ఒక స్థాయి దాటిన తర్వాత యజమాని చేత లెక్కలను పక్కన పెట్టించి, హెచ్చరించినవారిని దూరం చేయించి, చివరకు ఆయన ఆస్తితోపాటు ఉద్యోగుల జీతాలను, మదుపరుల పొదుపును, బ్యాంకుల సొమ్మును కూడా హరించిన సందర్భాలు వ్యాపార చరిత్రలో తక్కువేమీ కావు. తపనతో గెలిచినవారిని వేదికల మీదికి పిలిచి మాట్లాడిస్తారు గాని, అంతే తపనతో ఓడినవారిని ఎవరూ పిలవరు కనుక, ఈ రెండో వైపు సాధారణంగా వినపడదు. ఆ వైపు కూడా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: తపనలో మునిగిన మనిషి తనకు తానే హద్దు గీసుకోవడం దాదాపు అసాధ్యం కనుక, ఆ హద్దును గీసే ఏర్పాటు సంస్థ నిర్మాణంలోనే, అదీ పరిస్థితులు బాగున్న రోజుల్లోనే, చేసి ఉంచాలి.

తపనలో రెండు రకాలు

తపన అంతా ఒకటే కాదన్న విషయాన్ని శాస్త్రీయంగా నిరూపించే ప్రయత్నం చేసినవారిలో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ వాలెరాండ్ ముఖ్యుడు. ఆయన బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, మనిషి ఇష్టపడి, ముఖ్యమని భావించి, తన సమయాన్నీ శక్తినీ వెచ్చించే పని పట్ల కలిగే బలమైన మొగ్గును తపనగా నిర్వచించి, అందులో రెండు రకాలను గుర్తించారు. మొదటిది సామరస్య తపన. ఇందులో పని మనిషి జీవితంలో పెద్ద చోటే ఆక్రమించినా, కుటుంబం, ఆరోగ్యం, స్నేహాలు, ఇతర బాధ్యతలతో తగవు పడకుండా ఉంటుంది, అవసరమైనప్పుడు ఆ పనిని పక్కన పెట్టగల స్వేచ్ఛ మనిషి చేతిలోనే ఉంటుంది. రెండోది ఆవహించే తపన; ఇందులో మనిషి ఆత్మగౌరవం, సమాజంలో అతని గుర్తింపు, తన గురించి తాను అనుకునే మాట అన్నీ ఆ పనికే ముడిపడిపోతాయి గనుక, పని ఆగితే తానే లేనట్లు అనిపిస్తుంది, ఫలితంగా పనిని మనిషి నడపడం పోయి మనిషిని పని నడపడం మొదలవుతుంది.

ఈ తేడా కేవలం మాటల్లో ఉన్నది కాదని చూపడానికి వాలెరాండ్ బృందం సైకిల్ తొక్కడమంటే ప్రాణం పెట్టేవారిని గమనించింది. క్విబెక్ ప్రాంతంలో చలికాలం వచ్చి రోడ్లు మంచుతో జారుడుబండలుగా మారినా, ప్రమాదమని తెలిసి కూడా సైకిల్ తొక్కడం మానలేనివారిలో ఆవహించే తపన ఎక్కువగా కనిపించింది. హాని ఎదురుగా ఉన్నా ఆగలేకపోవడమే ఈ రెండో రకానికి గుర్తు. వ్యాపారంలో మంచు పేరుకున్న రోడ్డు కంటికి కనబడదు; అది తగ్గుతున్న అమ్మకాల రూపంలో, పెరుగుతున్న వడ్డీల రూపంలో, ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్న అనుభవజ్ఞుల రూపంలో వస్తుంది కనుక, అక్కడ ఆగవలసిన సమయాన్ని గుర్తించడం మరింత కష్టం.

నమ్మకం లెక్కను కమ్మేసే తీరు

వ్యాపారం మొదలుపెట్టేవారు తమ అవకాశాలను ఎంత ఎక్కువగా ఊహించుకుంటారో అమెరికాలో 1988లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆర్నాల్డ్ కూపర్, ఆయన సహచరులు 2,994 మంది కొత్త వ్యాపారులను ప్రశ్నించగా, 81 శాతం మంది తమ విజయావకాశాలు పదింట ఏడు లేదా అంతకంటే ఎక్కువ అన్నారు. 33 శాతం మంది పదికి పది అన్నారు. తమలాంటి వ్యాపారమే చేస్తున్న ఇతరుల మాట వచ్చేసరికి మాత్రం అదే మనుషులు అంచనాను గణనీయంగా తగ్గించారు. ఎదుటివారి దుకాణాన్ని చూసేటప్పుడు పనిచేసే వివేకం తమ దుకాణాన్ని చూసేటప్పుడు పక్కకు తప్పుకోవడానికి కారణం తెలివి లోపించడం కాదు, మమకారం. ఫిన్లాండ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాపారులకు తమ సంస్థకు సంబంధించిన చిత్రాలను, తండ్రులకు తమ బిడ్డల చిత్రాలను చూపి మెదడు స్కానింగ్ చేసినప్పుడు, రెండు వర్గాల మెదళ్ల స్పందనలోనూ దగ్గర పోలికలు కనిపించాయి. సంస్థను కన్నబిడ్డగా చెప్పుకొనే వ్యాపారి మాటలో అతిశయోక్తి అంతగా లేదన్నమాట. బిడ్డ లోపాలు తల్లిదండ్రులకు ఆఖరున తెలిసినట్లే సంస్థ లోపాలు స్థాపకుడికి ఆఖరున తెలియడానికి కూడా ఇదే మూలం.

నష్టం కనబడిన తర్వాత ఈ మమకారం మరింత ప్రమాదకరమైన రూపం తీసుకుంటుంది. అమెరికా పరిశోధకుడు బ్యారీ స్టా 1976లో చేసిన ప్రయోగంలో బిజినెస్ విద్యార్థులకు ఒక కంపెనీ నిధులను రెండు విభాగాల్లో ఒకదానికి కేటాయించే పని అప్పగించి, కొంతకాలం తర్వాతి ఫలితాలను చూపి మళ్లీ నిధులు పంచమన్నారు. మొదటి నిర్ణయం స్వయంగా తీసుకుని అది విఫలమైనట్లు తెలుసుకున్నవారు, ఆ విఫలమైన విభాగానికే మిగతావారికంటే ఎక్కువ సొమ్ము ఇచ్చారు. తన నిర్ణయం తప్పని ఒప్పుకోవడం కన్నా, ఇంకొంత సొమ్ము పెడితే అది ఒప్పుగా మారుతుందని ఆశించడం మనిషికి తేలిక. ఈ ధోరణిని నిర్వహణ శాస్త్రంలో పెరిగిపోయే నిబద్ధత అంటారు. ఇప్పటికే ఖర్చయిపోయి ఇక తిరిగిరాని సొమ్మును మునిగిన ఖర్చు అంటారు. రేపటి నిర్ణయానికి రేపు వచ్చే లాభనష్టాలే ప్రాతిపదిక కావాలని, మునిగిన ఖర్చును లెక్కలోకి తీసుకోకూడదని అర్థశాస్త్రం చెబుతుంది. కాని ఆ ఖర్చుతోపాటు తన యవ్వనం, తన పేరు, తన కల కూడా మునిగి ఉన్నాయని భావించే మనిషికి ఆ సూత్రం పాటించడం దుర్లభమవుతుంది.

హెన్రీ ఫోర్డ్: ప్రేమించిన కారే బంధనమైన వైనం

ఈ ప్రమాదం అసమర్థులకే పరిమితం కాదని చెప్పడానికి హెన్రీ ఫోర్డ్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. కారు సంపన్నుల ఆటవస్తువుగా ఉన్న కాలంలో, రైతు కూడా కొనగలిగే బలమైన, సాదా కారును తయారుచేయాలన్న ఒకే ఒక తలంపుతో ఆయన 1908లో మోడల్ టీని తెచ్చారు. 1913లో హైలండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ వరుసను ప్రవేశపెట్టిన తర్వాత, కారు చట్రం బిగించడానికి పన్నెండు గంటలకు పైగా పట్టే సమయం గంటన్నరకు తగ్గింది. 1914లో కార్మికులకు రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించి ఆయన లోకాన్ని ఆశ్చర్యపరిచారు. మొదట 850 డాలర్ల దగ్గర ఉన్న కారు ధర 1920ల నడుమకు 300 డాలర్ల లోపుకు దిగింది. ఇంతటి సాఫల్యానికి ఆయన తపనే మూలమనడంలో సందేహం లేదు.

అయితే ఆ సాఫల్యమే ఫోర్డ్‌లో ఒక నమ్మకాన్ని గడ్డకట్టించింది: ప్రజలకు కావలసిన కారు దొరికేసింది, ఇక చేయవలసిందల్లా దాన్ని మరింత చౌకగా తయారుచేయడమే. 1920లలో అమెరికా కొనుగోలుదారులు మారారు. మొదటి కారు కొన్నవారు రెండో కారుకు వచ్చేసరికి ఎండావానల నుంచి కాపాడే మూతబడిన బాడీని, రంగులను, సుఖాన్ని కోరసాగారు. ఆల్ఫ్రెడ్ స్లోన్ నాయకత్వంలోని జనరల్ మోటార్స్ ఆదాయ వర్గానికొక కారు చొప్పున తయారుచేసి, ఏటేటా రూపం మార్చి, వాయిదాల మీద అమ్మింది. ఫోర్డ్ మాత్రం మోడల్ టీని వదలడానికి ఒప్పుకోలేదు. ఆయనకు ఎదురు చెప్పగలిగే వ్యవస్థ కూడా అప్పటికే లేకుండా పోయింది. డివిడెండ్ల వివాదంలో వాటాదారులైన డాడ్జ్ సోదరుల చేతిలో కోర్టులో ఓడిన తర్వాత, 1919లో ఆయన మిగతా వాటాదారులందరి వాటాలనూ 10 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కొని, కంపెనీని పూర్తిగా కుటుంబం చేతిలోకి తీసుకున్నారు. ఉత్పత్తి నిపుణుడు విలియం నడ్‌సెన్ 1921లో సంస్థను వదిలి, ఆ తర్వాత జనరల్ మోటార్స్‌లో చేరి షెవర్లే విభాగాన్ని నడిపించారు. 1926 జనవరిలో ఎర్నెస్ట్ కాంజ్లర్ అనే ఉన్నతాధికారి, మోడల్ టీకి కాలం చెల్లిందని, కొత్త కారు అత్యవసరమని వినయంగానే వివరిస్తూ ఒక నివేదిక రాశారు. ఆయన ఫోర్డ్ కుమారుడు ఎడ్‌సెల్‌కు తోడల్లుడే అయినా, ఆ ఏడాదిలోనే ఉద్యోగం కోల్పోయారు.

చివరకు 1927 మే నెలలో కోటిన్నరవ మోడల్ టీ బయటికి వచ్చాక ఉత్పత్తి ఆపక తప్పలేదు. దాని స్థానంలో రావలసిన కారు నమూనా అప్పటికి సిద్ధంగా లేకపోవడంతో కర్మాగారాలు నెలల తరబడి మూతపడి, పదుల వేల మంది కార్మికులు పని లేక అల్లాడారు. ఆ కొత్త కారు ‘మోడల్ ఏ’ డిసెంబరులో గాని రాలేదు, ఆ ఏడాది అమ్మకాల్లో షెవర్లే ఫోర్డ్‌ను దాటిపోయింది. ఇందులో గమనించవలసింది ఏమంటే, ఫోర్డ్ వద్ద సమాచారం కొరవడలేదు, సొమ్ము కొరవడలేదు, సమర్థులైన సహచరులు కూడా కొరవడలేదు. ఆ కారును విడిచి తనను తాను ఊహించుకోగల శక్తి మాత్రమే కొరవడింది, దాని మూల్యాన్ని ఎక్కువగా చెల్లించింది కార్మికులు.

ఆకాశంలో కల, రోడ్డు మీద మాట

భారతదేశంలో ఇటువంటి కథల్లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ పేరు ముందు వరుసలో ఉంటుంది. మద్యం వ్యాపారంలో లాభాలు గడించిన విజయ్ మాల్యా 2005 మేలో ఈ విమాన సంస్థను మొదలుపెట్టి, ప్రయాణికులను తన ఇంటి అతిథులుగా చూడాలని సిబ్బందికి చెప్పి, దేశీయ ప్రయాణంలో అంతకుముందు లేని వైభవాన్ని చూపించారు. మొదలైన కొద్ది వారాలకే, ప్రపంచంలో అతిపెద్ద ప్రయాణికుల విమానమైన ఎయిర్‌బస్ ఏ380లను ఐదింటిని కొంటున్నట్లు ప్రకటించారు. అవి ఎన్నడూ చేతికి రాలేదు. 2007లో చౌక టికెట్ల సంస్థ ఎయిర్ దక్కన్‌లో వాటా కొని, రెండు పరస్పర విరుద్ధమైన వ్యాపార పద్ధతులను ఒకే గొడుగు కిందికి తెచ్చారు. సరిగ్గా ఆ కాలంలోనే, 2006లో మొదలైన ఇండిగో ఒకే రకం విమానాలతో, ఆర్భాటం లేకుండా, ఖర్చులమీద కన్ను వేసి ఎదుగుతోంది. 2008 జూలైలో ముడిచమురు ధర పీపా 147 డాలర్లను తాకినప్పుడు విమానరంగమంతా దెబ్బతిన్నా, అప్పు ఎక్కువగా ఉన్న కింగ్‌ఫిషర్ మళ్లీ కోలుకోలేకపోయింది.

ఆ సంస్థ ఏ ఒక్క సంవత్సరమూ లాభం చూపలేదు. అయినా అప్పులు తిరగరాయబడ్డాయి. 2011లో బ్యాంకులు తమ బకాయిల్లో కొంత భాగాన్ని వాటాలుగా మార్చుకున్నాయి. మాల్యా వ్యక్తిగత పూచీ కూడా ఇచ్చారు. యజమాని ఆకర్షణకు రుణదాతలు సైతం లొంగిపోయారనడానికి, బ్రాండ్ పేరును, చిహ్నాలను కూడా తాకట్టుగా తీసుకోవడం నిదర్శనం. 2016లో వాటిని సుమారు 367 కోట్ల రూపాయల కనీస ధరకు వేలం వేయబోతే కొనేవారు ఒక్కరూ ముందుకు రాలేదు. నెలల తరబడి జీతాలు అందని ఉద్యోగులు సమ్మెకు దిగిన తర్వాత 2012 అక్టోబరులో విమానాలు ఆగిపోయి, లైసెన్సు సస్పెండ్ అయింది. బ్యాంకుల బకాయి వడ్డీలతో కలిపి 9,000 కోట్ల రూపాయలు దాటింది. ఇది కేవలం వ్యాపార వైఫల్యమని మాల్యా, నిధులు మళ్లించిన మోసమని దర్యాప్తు సంస్థలు చేస్తున్న వాదనలు న్యాయస్థానాల్లో తేలవలసినవి. అయితే నష్టం ఏటేటా పెరుగుతున్నా ఆపే నిర్ణయం ఎవరూ తీసుకోలేదన్నది, లాభాలిచ్చే మద్యం సంస్థ యునైటెడ్ స్పిరిట్స్ పగ్గాలు కూడా బ్రిటన్ కంపెనీ డియాజియో చేతికి వెళ్లిపోయాయన్నది వివాదం లేని విషయాలు.

తపన వెనుక ఆడంబరం ఉన్నప్పుడే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు; సదుద్దేశం ఉన్నచోట ఆగడం ఇంకా కష్టం. స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాలను చూసి, వారికి సురక్షితమైన కారును లక్ష రూపాయలకు ఇవ్వాలని రతన్ టాటా సంకల్పించి, 2008 జనవరిలో నానోను ఆవిష్కరించారు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూసేకరణ వివాదంతో కర్మాగారం గుజరాత్‌లోని సనంద్‌కు తరలింది. ముడిసరుకుల ధరలు పెరిగినా ఇచ్చిన మాటకు కట్టుబడి తొలి కార్లను లక్ష ధరకే ఇచ్చారు. ఆరంభంలో కొన్ని కార్లకు నిప్పంటుకోవడం కొనేవారిని భయపెట్టింది. అన్నిటికంటే చౌకైన కారు అన్న ప్రచారమే దానికి అడ్డంకిగా మారిందని టాటాయే తర్వాత అంగీకరించారు. ఏటా రెండున్నర లక్షల కార్లు చేయగల కర్మాగారం దాని మూడో వంతు కూడా ఏ ఏడాదీ అమ్మలేకపోయింది. 2016 అక్టోబరులో టాటా సన్స్ ఛైర్మన్ పదవి కోల్పోయిన సైరస్ మిస్త్రీ బోర్డుకు రాసిన లేఖలో, నానోను మూసివేయాలని వ్యాపార తర్కం చెబుతున్నా భావోద్వేగ కారణాలవల్లనే అది సాధ్యపడలేదని పేర్కొన్నారు. ఆ లేఖలోని ఇతర ఆరోపణలను టాటా సన్స్ ఖండించినా, నానో ఉత్పత్తి 2018లో ఆగిపోయింది. టాటా సమూహం ఆ నష్టాన్ని భరించగలిగింది. అంతటి ఆర్థిక బలం లేని సంస్థకు అటువంటి కల ప్రాణాంతకమయ్యేది.

తెలుగువారికి ఈ సంగతి సినీరంగం ద్వారా ఎప్పటినుంచో తెలుసు. 1964లో ఘనవిజయం సాధించిన ‘మూగమనసులు’ కథను తమిళంలో ‘ప్రాప్తం’గా స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించిన మహానటి సావిత్రి, 1971లో విడుదలైన ఆ చిత్రంతో తీవ్రమైన ఆర్థిక ఇబ్బందుల్లో పడ్డారు. నటిగా ఆమెకు సాటి లేకపోవచ్చు, కథ మీద ఆమెకున్న ప్రేమ నిజమైనది కావచ్చు. కాని నటించడానికి పనికివచ్చే ప్రేమ పెట్టుబడికి హామీ కాలేకపోయింది. ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టి సినిమా తీయడాన్ని కళాతృష్ణగా కొనియాడే అలవాటు ఇప్పటికీ పోలేదు.

నాయకుడి చుట్టూ పేరుకునే నిశ్శబ్దం

వ్యాపారి తపన అతని సొమ్మును హరిస్తుంది. నాయకుడి తపన అంతకుమించి అతని చుట్టూ ఉన్నవారి నోళ్లను కట్టేస్తుంది. ఒక ఆశయాన్ని నాయకుడు పవిత్రంగా భావిస్తున్నాడని తెలిసినప్పుడు, దానిమీద సందేహం వ్యక్తం చేయడం పనిలో భాగంగా కాక ద్రోహంగా కనిపించడం మొదలవుతుంది. అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ 19 ఏళ్ల వయసులో, 2003లో స్థాపించిన థెరానోస్ సంస్థ, వేలికొన నుంచి తీసిన కొద్ది రక్తపు చుక్కలతో వందల పరీక్షలు చేయగలమని ప్రకటించి, ఒక దశలో 900 కోట్ల డాలర్ల విలువకు చేరింది. యంత్రం సరిగా పనిచేయడం లేదని చెప్పిన ప్రయోగశాల సిబ్బందికి సమాధానంగా ఒత్తిడి, బెదిరింపు ఎదురయ్యాయి. 2015 అక్టోబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్ అసలు విషయం బయటపెట్టిన తర్వాత గాని తప్పుడు ఫలితాలు అందుకున్న రోగుల సంగతి లోకానికి తెలియలేదు. మదుపరులను మోసగించిన నేరానికి 2022లో హోమ్స్‌కు పదకొండేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. వైద్యాన్ని అందరికీ చేరువ చేయాలన్న ఆశయం సాకుగా మారినప్పుడు అబద్ధం కూడా తాత్కాలిక సర్దుబాటుగా కనిపిస్తుందన్నది ఈ ఉదంతం నేర్పే పాఠం.

హైదరాబాదుకు ఇదే పాఠం అంతకు ఆరేళ్ల ముందే, చాలా పెద్ద మూల్యానికి అందింది. 1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్, తెలుగు యువతను ప్రపంచ సాఫ్ట్‌వేర్ రంగానికి చేర్చిన సంస్థల్లో ముఖ్యమైనది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, లెక్కల్లో చూపిన లాభానికీ అసలు లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందని, దాన్ని పూడ్చే ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయని ఒప్పుకున్నారు. ఇది తపన కథ మాత్రమే కాదు, న్యాయస్థానం నిర్ధారించిన నేరం. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు ఆయనతో సహా పదిమందిని దోషులుగా ప్రకటించింది. అయినా తప్పును ఒప్పుకునే బదులు మరింత లోతుకు దిగే ధోరణి ఎలా ముదురుతుందో ఆ లేఖకన్నా స్పష్టంగా చూపేది అరుదు. ఆ సంస్థ బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు, మాజీ కేంద్ర కేబినెట్ కార్యదర్శి, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నారు. కార్పొరేట్ పాలనకు 2008లో అంతర్జాతీయ పురస్కారం కూడా దక్కింది. అంతటి బోర్డు 2008 డిసెంబరులో ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. మదుపరులు తిరగబడితేనే ఆ నిర్ణయం కొన్ని గంటల్లో వెనక్కి పోయింది. ప్రతిష్ఠ గల నాయకుడి ముందు ప్రతిష్ఠ గల పెద్దలు కూడా ప్రశ్నలు మానేస్తారని, బయటివారి అభ్యంతరమే అక్కడ అడ్డుకట్ట అయిందని దీనివల్ల తేలుతోంది.

ఇతరుల తపనను వాడుకోవడం

యజమాని తపనలో మరొక అన్యాయం దాగి ఉంది: తాను పగలూ రాత్రీ పనిచేయగలడు కనుక అందరూ చేయాలని ఆయన కోరుకుంటాడు. సంస్థ పెరిగితే ఆయన వాటా విలువ పెరుగుతుంది. ఉద్యోగికి మాత్రం నెలజీతమే మిగులుతుంది. అమెరికా పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనాల్లో, పనిమీద మక్కువ ఉన్నవారిచేత అదనపు వేతనం లేకుండా ఎక్కువ గంటలు పనిచేయించడాన్ని, సెలవురోజున పిలిపించడాన్ని, ఉద్యోగానికి సంబంధం లేని చాకిరీ అప్పగించడాన్ని జనం ఎక్కువ సమంజసంగా భావిస్తున్నట్లు తేలింది. ఇష్టంతో చేస్తున్నాడు కదా అన్న ఆలోచనే దీనికి ఆధారం. ఉపాధ్యాయులు, నర్సులు, పాత్రికేయులు, కళాకారులు, స్టార్టప్ ఉద్యోగులు తక్కువ వేతనానికి ఎక్కువ చాకిరీ చేయడం వెనుక ఈ ఆలోచన ఎంతగా పనిచేస్తోందో తెలుగునాట ప్రైవేటు విద్యాసంస్థలను, ఆసుపత్రులను చూసినా అర్థమవుతుంది. ఉద్యోగి ప్రేమను జీతానికి ప్రత్యామ్నాయంగా వాడుకోవడం దోపిడీయే. దానికి తపన అని పేరు పెట్టినంత మాత్రాన అది ధర్మం కాబోదు.

హద్దులు గీసే ఏర్పాట్లు

తపనను చంపుకోవడం దీనికి పరిష్కారం కాదు. పనిచేయడానికి తపనను, ఆపాలా కొనసాగించాలా అన్న నిర్ణయానికి వేరే ప్రమాణాన్ని వాడడమే పరిష్కారం. ఇంటెల్ చరిత్ర ఇందుకు ఆదర్శం. 1968లో మెమరీ చిప్‌ల కోసమే పుట్టిన ఆ సంస్థ, 1980లలో జపాన్ పోటీకి తట్టుకోలేక నష్టపోతున్నా ఆ వ్యాపారాన్ని వదలడానికి మనసొప్పక చాలాకాలం తటపటాయించింది. 1985లో సంస్థ అధ్యక్షుడు ఆండ్రూ గ్రోవ్ తన సహచరుడు గోర్డన్ మూర్‌ను, తమ ఇద్దరినీ తొలగించి బోర్డు కొత్త అధికారిని తెస్తే అతను ఏం చేస్తాడని అడిగారు. మెమరీ వ్యాపారాన్ని వదిలేస్తాడని మూర్ చెప్పగా, ఆ పని తామే ఎందుకు చేయకూడదని గ్రోవ్ ప్రశ్నించారు. తమ కుర్చీలో మమకారం లేని మనిషిని ఊహించుకోవడం ద్వారా వారు మమకారాన్ని దాటగలిగారు. మైక్రోప్రాసెసర్ల వైపు మళ్లిన ఇంటెల్ ఆ తర్వాత ఆ రంగాన్ని ఏలింది.

ఊహకు బదులు నిజంగానే కొత్త మనిషి వస్తే ఏమవుతుందో బ్యారీ స్టా బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం చూపింది. కాలిఫోర్నియాలోని 132 బ్యాంకులను తొమ్మిదేళ్లపాటు గమనించగా, ఉన్నతాధికారులు మారినచోట మొండి బకాయిలను గుర్తించి రద్దు చేయడం ఎక్కువగా జరిగింది. అప్పు ఇచ్చినవారికి ఆ అప్పు చెడిందని ఒప్పుకోవడం కష్టమైనంతగా వారి తర్వాత వచ్చినవారికి కష్టం కాలేదు. అందువల్ల ఒక ప్రాజెక్టును ప్రతిపాదించినవారిని, దాన్ని సమీక్షించి ఆపగలిగేవారిని వేరుచేయడం ఏ సంస్థకైనా మేలు. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన ముందస్తు పోస్ట్‌మార్టమ్ పద్ధతి కూడా ఇలాంటిదే. పని మొదలుపెట్టకముందే అది విఫలమైపోయిందని అనుకుని, కారణాలు రాయమని సహచరులందరినీ కోరడం ఇందులోని కీలకం. అప్పుడు సందేహం చెప్పడం ద్రోహంగా కాక అప్పగించిన పనిగా మారుతుంది గనుక, మామూలుగా నోరు విప్పనివారు కూడా మాట్లాడతారు.

చిన్న వ్యాపారానికి ఇంతటి వ్యవస్థ అవసరం లేదు గాని, మొదటిరోజే రాతలో పెట్టుకోవలసిన కొన్ని నియమాలున్నాయి. ఎంత సొమ్ము పోయేవరకు, ఏ తేదీవరకు, ఏ అమ్మకాల స్థాయి వరకు వేచి చూడాలో ముందే నిర్ణయించుకుని, ఆ కాగితాన్ని వ్యాపారంలో వాటా లేని, మొహమాటం లేని మనిషి చేతికి ఇవ్వాలి. నివసించే ఇంటిని, పిల్లల చదువు కోసం దాచిన సొమ్మును, భార్య నగలను వ్యాపారపు అప్పులో కలపకూడదు. వ్యక్తిగత పూచీ మీద సంతకం చేసేముందు, కంపెనీ మునిగినా ఆ అప్పు మనిషిని వదలదన్న సంగతి కుటుంబమంతా కలిసి ఆలోచించాలి. పెద్ద సంస్థల విషయంలో చట్టం కొంత పట్టించుకుంది. సత్యం కుంభకోణం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీల బోర్డుల్లో కనీసం మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో ఆర్థిక సంబంధం లేనివారు, ఉండాలని నిర్దేశించింది. ఆ సంఖ్యను పూరించినంత మాత్రాన ప్రయోజనం నెరవేరదు. ఛైర్మన్‌కు నచ్చని ప్రశ్న అడిగినవారికి మరుసటి ఏడాది కూడా అదే కుర్చీ దొరుకుతుందన్న భరోసా ఉన్నప్పుడే చట్టానికి ప్రాణం వస్తుంది.

మదుపరులు కూడా తమ ప్రమాణాన్ని సరిచూసుకోవాలి. వ్యాపార ప్రతిపాదనల పోటీలను పరిశీలించిన 2009 నాటి ఒక అధ్యయనంలో, వెంచర్ పెట్టుబడిదారుల నిర్ణయాలను వక్త ప్రదర్శించిన తపన ప్రభావితం చేయలేదని, అతని సన్నద్ధత ప్రభావితం చేసిందని తేలింది. వేదిక మీద ఉద్వేగం చూపడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఖర్చును, గిరాకీని, పోటీని, నష్టపోయే దారులను లెక్కగట్టి రావడానికి శ్రమ కావాలి. ఆ శ్రమ చేసినవారి తపనను నమ్మవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో ఏటా వేలమంది యువతీయువకులు ఉద్యోగాలు వదిలి, తల్లిదండ్రుల పొదుపు తీసుకుని, కొత్త సంస్థలు మొదలుపెడుతున్నారు. వారికి ధైర్యం నూరిపోసేవారు చుట్టూ ఎందరో ఉన్నారు. ఆగడం ఓటమి కాదని, ఒక సంస్థను మూసివేసి జీతాలూ అప్పులూ తీర్చి గౌరవంగా బయటపడిన మనిషికి మరో సంస్థ పెట్టే అవకాశం మిగిలే ఉంటుందని చెప్పేవారు కావాలి. బ్యాంకులు, పెట్టుబడిదారులు, కుటుంబాలు, పత్రికలు సకాలంలో మూసివేసిన వ్యాపారిని కూడా విజేతతో సమానంగా గౌరవించడం నేర్చుకుంటే, ప్రతిష్ఠ పోతుందన్న భయంతో చివరి రూపాయి దాకా పోరాడవలసిన అగత్యం చాలామందికి తప్పుతుంది. తపన సంస్థను పుట్టించగలదు, నడిపించగలదు. దాన్ని కొనసాగించాలా వద్దా అన్న తీర్పు మాత్రం లెక్కలకూ, ఆ లెక్కలను భయం లేకుండా చదివి వినిపించగల మనుషులకూ దక్కాలి.